పచ్చి గింజ సుఖం

నా భార్య సోమోయె నడిపిన జీడిగింజల షెడ్డును అధికారులు మూయించారు. పదకొండేళ్లయింది. మంచి పని చేశారు!

అయ్యా, పచ్చి గింజ అమ్ముకోవడంలో ఉన్న సుఖం మీకు తెలుసా? చెట్టు రాలుస్తుంది. మేం ఏరి గోనెలో పోస్తాం. మ్త్వారా రేవులో ఓడ ఎత్తుకుపోతుంది. మధ్యలో బుర్రకు పనేమిటి? మా నెవాలా వైపు బుర్రలు గీత పడకుండా కొత్తవాటిలా మెరుస్తుంటాయి!

పాపం, ఇండియా వాళ్లను చూడండి. మా గింజను ఉడికించాలి, కొట్టాలి, పొర తీయాలి. అంతటితో పోతుందా? ఆ యంత్రం బాగుచేసేవాడొకడు, డబ్బా చేసేవాడొకడు, డబ్బా మీద బొమ్మ వేసేవాడొకడు పుట్టుకొస్తారు. ఒక పని వస్తే పక్క పని అంటుకుంటుంది. అంటురోగం!

మాకు అది సోకకుండా మా అధికారులు కాపాడారు. గింజ పచ్చిగానే వేలానికి రావాలని ఉత్తర్వు వేశారు. షెడ్డులోని ముప్పైమంది ఆడవాళ్లు దారెస్సలాం పోయి వీధుల్లో మందాజీ బూరెలు వేయించి అమ్ముకుంటున్నారు. జీడి అంటి చేతులు నల్లబడే బాధ తప్పింది.

పోయిన నెల విధానం మారింది. పప్పు తీసి మనమే ఎగుమతి చెయ్యాలట. అదే షెడ్డుకు కొత్త రంగు వేశారు, విదేశీ యంత్రం దించారు. ఈ సీజన్లో విరగని పప్పు పంపకపోతే కొనేవాడు పోతాడు, షెడ్డు మళ్లీ మూతే. అధికారి చిలుంబా రిబ్బన్ కత్తిరించి మీట నొక్కాడు.

నూక రాలింది.

"నూకా సరుకేనమ్మా!" అన్నాడు.

"ఔను బాబూ, మా కోళ్లు బేరానికొస్తాయి," అంది పక్కింటి అసుమిని. అందరూ నవ్వారు. చిలుంబా నవ్వలేదు. నా దగ్గరకొచ్చాడు.

"పెద్దాయనా, గింజ ఎంతసేపు ఉడకాలో వాసన పట్టి చెప్పే మనిషి మీ ఊళ్లో ఉందట గదా? పిలిపించు. మంచి జీతమిస్తాం."

"రా బాబూ, చూపిస్తా," అన్నాను.

మసీదు వెనక్కి తీసుకెళ్లి సోమోయె సమాధి చూపించాను.

"జీతం సంగతి ఆమెతోనే మాట్లాడుకో."

అతను టోపీ తీశాడు. తీస్తే ఏం లాభం? షెడ్డు మూసినప్పుడు, ఆ విద్య పదిమంది పిల్లలకు నేర్పుతానని ఆమె వాళ్ల ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చుంది. దానికి ఫారం లేదని పంపేశారు.

యంత్రం కొనవచ్చు. మళ్లీ కొనవచ్చు. ఇక ఈ విషయం నా నోట వినరు.