ఇద్రీస్ భాయ్ పెట్టిన సొట్ట

మనిషిగా పుట్టినంక ఒక్కసారన్నా పరాయి దేశంల కారుకు సొట్ట పడాలె. పడనోని బతుకు వేస్ట్!

నవ్వకండి, సీరియస్‌గనే రాస్తున్న. విదేశం పోయినోళ్లు ఏం చూసి వస్తున్నరు? ఎత్తు బిల్డింగులు, సముద్రం, మాల్‌లు. గవన్నీ ఫోన్ల కూడ కనిపిస్తయి. ఆ దేశం మనిషికి ఎంత విలువిస్తదో తెల్వాలంటే మాత్రం వెనుక నుంచి ఎవడన్నా వచ్చి గుద్దాలె. అదీ మెల్లగ గుద్దాలె. గట్టిగ గుద్దితే సీదా దవాఖానాకు పోతం, ఇన్సూరెన్స్ సర్వేయర్‌ను దర్శించుకునే భాగ్యం దక్కదు.

మన దగ్గర ఏమున్నది చెప్పండి? జూలూరుపాడు సెంటర్ల ఒక ఆటో వచ్చి కారుకు తాకిందనుకోండి. ఇద్దరూ దిగుతరు. నీ కండ్లు ఏడ పెట్టినవంటే నీ కండ్లు ఏడ పెట్టినవనుకుంటరు. ఇరవై మంది జమైతరు. అందుల ఏమీ చూడని పెద్దమనిషి ఒకాయన తీర్పు చెప్తడు. చాయ్ తాగుతరు. కారు ఇద్రీస్ భాయ్ షెడ్డుకు పోతది, పొద్దుగూకేసరికి సొట్ట మాయం. ఒక్క ఫారం లేదు, ఒక్క ఫొటో లేదు, ఒక్క ఓటీపీ లేదు! ఇదేం నాగరికత?

ఇంత అనాగరికుడైన ఇద్రీస్‌కు కండ్లు తెరిపించింది మస్కట్‌ల పడ్డ ఒక చిన్న సొట్ట. ఆ ముచ్చట వినండి.

కొత్తగూడెం పోయే రోడ్డు మీద, జూలూరుపాడు దాటంగనే ఇద్రీస్ రేకుల షెడ్డు. ముప్పై ఏండ్ల సంది డెంటింగు పని. బండి డోరు మీద అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకుంటే చాలు, సొట్ట ఏడ మొదలైందో ఏడ ఆగిందో చెప్తడు. కాని రెండేండ్ల నుంచి కార్లు వస్తలేవు. గీత పడితే ఖమ్మం షోరూమ్, నలక పడితే ఖమ్మం షోరూమ్. అక్కడ చేయిస్తేనే ఇన్సూరెన్సోళ్లు కడ్తరట. షోరూమోళ్లు సొట్ట తియ్యరు. బంపర్‌కు బంపరే పీకి పారేసి కొత్తది బిగిస్తరు.

బిడ్డ ఫరహా, అల్లుడు అద్నాన్ మస్కట్‌ల ఉంటరు. నెల రోజులకు రమ్మని టికెట్ పంపిన్రు. ఎందుకు పంపిన్రో మూడో రోజు అన్నానికి దస్తర్‌ఖాన్ పరిచి కూసున్నంక తెలిసింది.

"మామూ, షెడ్డు కిరాయికి ఇచ్చెయ్యరాదూ? మెడికల్ షాపు పెట్టుకుంటమని ఎవరో అడుగుతున్నరట గద" అన్నడు అద్నాన్.

"మరి నా సుత్తెను ఏం చెయ్యమంటవ్ బేటా?"

"ఈ జమానాల సుత్తెతోని ఏం పని మామూ? అంతా ఇన్సూరెన్సే."

ఫరహా తల ఎత్తకుండ దాల్చా వడ్డించింది. అంటే బిడ్డదీ అదే మాట.

మరునాడే పైవాడు కరుణించిండు! మామను ఎక్కించుకొని సిగ్నల్ కాడ ఆగిన అద్నాన్ కారుకు వెనుక నుంచి ఒక పికప్ బండి తాకింది. పికప్ నడిపే పఠాన్ దిగి సలాం చేసిండు. అద్నాన్ సలాం చేసిండు. గల్తీ నాదేనని పఠాన్ ఫారం మీద సంతకం పెట్టిండు. ఎవరూ ఎవరి అమ్మను యాది చేసుకోలే. ఇరవై మంది సంగతి పక్కన పెట్టండి, ఒక్క మనిషి ఆగి చూడలే! ఇదేం దిక్కుమాలిన ఊరని ఇద్రీస్‌కు భయమేసింది.

అద్నాన్ ఫొటోలు కొట్టి, "రేపు సర్వేయర్ వచ్చి చూస్తడు" అని కారును ఇంటి కింద పార్కింగ్‌ల పెట్టి, కంపెనీ వ్యాన్‌ల డ్యూటీకి పోయిండు.

ఇద్రీస్ కారు చుట్టూ తిరిగిండు. వెనుక బంపర్‌కు చెంబంత సొట్ట. దాన్ని చూసుకుంట చేతులు ముడుచుకొని కూసునుడు ఆయనకు రాని విద్య. పైగా అల్లునికి ఒక జవాబు బాకీ ఉన్నది. ఫరహా వంటింట్ల కెటిల్‌తో నీళ్లు మరగబెట్టి తెచ్చిండు. ప్లాస్టిక్ బంపర్ మీద పోసి, కింద నుంచి చెయ్యి పెట్టి ఒక్క నెట్టు నెట్టిండు. టప్! గీతల మీద టూత్‌పేస్టు రాసి పాత బనీనుతో రుద్దిండు. ఒక్క గంటల కారు కొత్త పెండ్లికొడుకు లెక్క తయారైంది.

తెల్లారి సర్వేయర్ వచ్చిండు. మెడల కార్డు, చేతిల ట్యాబ్. కారు చుట్టూ మూడు చుట్లు తిరిగి, వంగి, టార్చి కొట్టి చూసిండు.

"యాక్సిడెంట్ ఎక్కడ?" అన్నడు హిందీల.

"నేనే తీసేసిన సాబ్!" ఇద్రీస్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"డ్యామేజీ లేదంటే యాక్సిడెంట్ కాలేదు. తప్పుడు క్లెయిమ్ అని రాయాలె."

"ఫొటోలు ఉన్నయ్ సార్!" అన్నడు అద్నాన్.

"సొట్ట ఫొటోల ఉంటే సరిపోదు, బండి మీద ఉండాలె." అద్నాన్ ముఖం చూసి సర్వేయర్‌కు జాలి పుట్టినట్టున్నది. "మూడింటికి మళ్ల ఇటే వస్త. నేనింక ఏం చూడలే, మీరింక ఏం చూపలే" అని పోయిండు.

"మామూ, కారు కంపెనీది! తప్పుడు క్లెయిమ్ అని రాస్తే నా నౌకరీ మీదికి వస్తది. మీ పనితనం నన్ను ఇంటికి తోలేటట్టున్నది!"

ఇద్రీస్ మళ్ల కెటిల్ పెట్టిండు. ఈసారి పని ఉల్టా. వేడి నీళ్లు పోసుడు, మోకాలితో అదుముడు, ఫొటో చూసుడు. ఇంటి తాళంచెవితో రెండు పొడుగు గీతలు, ఒక పొట్టి గీత.

"అబ్బాజాన్, ఎడమ దిక్కు ఇంకొంచెం లోతుగ ఉండె" అన్నది ఫరహా, ఫోన్ పట్టుకొని.

"అవ్ బేటీ, ఆడ పఠాన్ బండి కొక్కెం తాకింది" అని ఇంకొంచెం నొక్కిండు.

మూడింటికి సర్వేయర్ ఫొటోను, బంపర్‌ను పక్కపక్కన పెట్టి చూసిండు. "కరెక్ట్. ఒరిజినల్ డ్యామేజీ" అన్నడు. వారంల స్టాంపు కొట్టిన రిపోర్టు వచ్చింది. కంపెనీ గ్యారేజీల బంపర్ పీకి చెత్తల వేసి కొత్తది బిగించిన్రు.

చూసిన్రా గౌరవం! ముప్పై ఏండ్లు వేల సొట్టలు తీసినోనికి ఒక్కడు చీటీ ముక్క రాసియ్యలే. ఒక్కటంటే ఒక్కటి పెట్టిండు, సర్టిఫికెట్ వచ్చింది! ఇసుంటి కదర్ జూలూరుపాడుల దొరుకుతదా?

ఇద్రీస్ ఆ రిపోర్టు కాపీ తెచ్చుకొని షెడ్డుల మేకుకు గుచ్చిండు. వచ్చినోళ్లకు కథ చెప్పి నవ్వించిండు. కథ తండాలకు పాకింది. నెల తిరగకముందే తండాల ఉండే తుల్సీరాం కొత్త కారు తెచ్చి షెడ్డు ముందు ఆపిండు. బ్యాంకుల కొలువు చేస్తడు. డోరు మీద నిమ్మకాయంత సొట్ట.

"భాయ్, దీన్ని గుమ్మడికాయంత చెయ్యి."

"ఎందుకయ్యా?"

"చిన్నదానికి ఇన్సూరెన్స్ కంపెనోడు పైసా ఇయ్యడంట. పెద్దగుంటే డోరే కొత్తది వేస్తరంట. నువ్వు స్టాంపు తెచ్చుకున్న ఉస్తాద్‌వి గద! నాలెక్క ఇంక పది మంది ఉన్నరు. నీ షెడ్డు బతుకుతది భాయ్, ఆలోచించు."

ఇద్రీస్ రోడ్డు అవతలికి చూసిండు. మెడికల్ షాపు పెట్టేటాయన అడ్వాన్సు జేబుల పెట్టుకొని చాయ్ హోటల్‌ల కూసున్నడు. పొద్దున అద్నాన్ కూడ ఫోన్ చేసిండు, ఏమాలోచించిన్రు మామూ అని.

"నువ్వు పోయి చాయ్ తాగి రా" అన్నడు తుల్సీరాంతో. సుత్తె తీసిండు.

డోరు లోపలి అట్ట ఊడదీసి, సొట్ట మీద అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకున్నడు. లోపలి నుంచి టక్, టక్. పక్షి ముక్కుతో పొడిచినట్టు. రేకు మెల్లగ లేచి నిలబడ్డది. రంగు కొట్టే ముందు అద్దం మీద పడకుండ కాయితం అంటించాలె. పాత పేపర్లు అయిపోయినయ్. మేకుకున్న మస్కట్ రిపోర్టు పీకి, రెండు ముక్కలు చేసి అద్దానికి అంటించిండు. స్ప్రే కొట్టిండు. స్టాంపు మీద ఎర్ర రంగు కమ్ముకున్నది.

తుల్సీరాం వచ్చి డోరు చుట్టూ వంగి వంగి చూసిండు.

"సొట్ట ఏది భాయ్?"

"ఏ సొట్ట? యాక్సిడెంటే కాలే. ఆరు వందలు తియ్యి."

చూసిన్రా, మస్కట్ అంత ఖర్చు పెట్టి నేర్పిన నాగరికత జూలూరుపాడుల దిగంగనే ఎట్ల ఎగిరిపోయిందో! ఇసుంటోళ్లను బాగుచేసుడు ఎవరితరం కాదు. వీళ్లకు బాగుచేసుడు ఒక్కటే వస్తది.

రోడ్డు అవతల మెడికల్ షాపాయన ఇదంతా చూసిండు. తొందరేం లేదన్నట్టు ఇంకో చాయ్ చెప్పిండు.