హన్నమ్మ శిలాఫలకం

ఆ శనివారం పొద్దున హన్నమ్మ అనుకున్నది చాలా చిన్న పని. నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగడం, శిల్పి గురుస్వామి చెక్కిన పేరు రాయి తెచ్చుకోవడం, సాయంత్రం కొత్త ఇంటి ప్రార్థన మొదలయ్యేలోపు గోడకు పెట్టించడం. ఇదంతా తమ్ముడు సంజీవయ్యకు తెలియకూడదు, అంతే. "ఆళ్లగడ్డలో చిన్నమ్మను చూసొస్తా" అని సంగటి తిని బయల్దేరింది. హడావుడిలో ఫోన్ ఇంట్లోనే మరిచిపోయింది.

ఇల్లు హన్నమ్మది. కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంకొకరి పిల్లలను పెంచి, ఇంకొకరి అంట్లు తోమి కట్టుకున్నది. అక్కడ ఆమె పాస్‌పోర్టు సైతం యజమాని బీరువాలోనే ఉండేది. ఈ ఇల్లొక్కటే ఆమె పేరుతో ఉంది. కానీ దగ్గరుండి కట్టించింది సంజీవయ్య కాబట్టి వీధంతా దాన్ని సంజీవయ్య ఇల్లనే అంటుంది. ఆయన కూడా పాపం ఒక్కనాడూ కాదనలేదు. పేరు రాయి మాటెత్తితే, "నీ పేరు గోడకేస్తే నన్ను ఊర్లో ఏమనుకుంటారక్కా?" అని మూతి ముడుచుకున్నాడు.

తోడబుట్టినవాడితో తగువెందుకని హన్నమ్మ గుట్టుగా ఫోన్‌లోనే రాయి పురమాయించింది. "హన్నమ్మ అని చెక్కప్పా. పైన సిలువ, కింద ఈ సంవత్సరం. నంద్యాలలో చర్చి ఎనక వీధి. శనివారానికి కావాల."

"నువ్వెవురు మా?" అని గురుస్వామి అడిగేసరికి సంజీవయ్య గదిలోకి వచ్చాడు. హన్నమ్మ ఠక్కున ఫోన్ పెట్టేసింది.

గురుస్వామి దేవుళ్లను చెక్కడంలో చెయ్యి తిరిగిన మనిషి. అయితే సిలువతో ఆయనకొచ్చే పని ఒకటే, సమాధి రాయి. పైగా మాట మధ్యలో ఫోన్ పెట్టేసిందంటే దుఃఖం ఆపుకోలేకనే కదా! ఆయన మనసు కరిగిపోయింది. ఎవరూ అడక్కుండానే "ప్రభువునందు నిద్రించెను" అని ఒక వరుస తన వంతుగా చేర్చాడు. ఏడుపులో ఉన్నవాళ్లకు శ్రమెందుకని ఆ శనివారం తనే రాయిని ఆటోలో వేసుకుని నంద్యాల వచ్చేశాడు.

"హన్నమ్మ ఇల్లు యాడప్పా?" అంటే వీధిలో ఒక్కరికీ తెలియలేదు. చివరికి చర్చి ముందు ఆటో ఆపాడు. పాస్టర్ ఫ్రాన్సిస్ రాయి చదివి, గుండె పట్టుకుని సంజీవయ్యను పిలిపించాడు.

"పొద్దున సంగటి తినిపోయింది కదయ్యగారూ!" అన్నాడు సంజీవయ్య.

"యాడికి పోయింది?"

"ఆళ్లగడ్డకు."

"రాయి ఆణ్నుంచే వచ్చిందప్పా."

ఇంక సందేహమేముంది? ఫోన్ చేస్తే అది వంటింట్లో మోగింది. పొద్దున వెళ్లిన మనిషికి మధ్యాహ్నానికే సమాధి రాయి ఎట్లా తయారైందని ఒక్కరికైనా తోచాలా! తోచిన ఒకరిద్దరు కూడా ఆళ్లగడ్డ పనితనం అట్లాంటిదని సరిపెట్టుకున్నారు. "శవం ఎనకాల వస్తాంటుందిలే" అన్నారు పెద్దలు. ప్రార్థనకు వేసిన షామియానా కిందే జనం ఏడవడానికి కూర్చున్నారు. గుమ్మానికి తెచ్చిన పూలదండ రాయి మెడలో పడింది.

ఆళ్లగడ్డలో గురుస్వామి కొట్టుకు తాళం చూసి, తిట్టుకుంటూ తిరుగు బస్సెక్కిన హన్నమ్మ వీధి మలుపులోనే ఏడుపులు విని హడలిపోయింది. తమ్ముడికేమైందోనని పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడు, జనానికి అవతల పూలదండ వేసిన దేన్నో పట్టుకుని ఏడుస్తున్నాడు.

"అక్కా! ఈ ఇంట్లో ఒక్క ఇటుక గూడ నాది కాదక్కా! నాదని ఊరంతా చెప్పుకుంటి! నీ పేరు పెట్టుకుంటానంటే నోరు మూయిస్తి! నువ్వు లేకపోతే నా పిల్లోల్లకు చదువు యాడిదక్కా?"

హన్నమ్మకేమీ అర్థం కాలేదు. వెనక వరుసలో కూర్చున్న జయమ్మను అడిగింది. జయమ్మ ఆ వీధికి కొత్త, హన్నమ్మను ఎప్పుడూ చూడలేదు.

"ఎవురు పోయినారమ్మా?"

"హన్నమ్మంట."

"యా హన్నమ్మ?"

"ఈ ఇంటామె."

హన్నమ్మ కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి జయమ్మే. "నీకేమైతాదమ్మా ఆమె?" అని జయమ్మ వీపు నిమిరింది.

"నేనే మా" అంది హన్నమ్మ కళ్లు తుడుచుకుని. జయమ్మ కుర్చీతో సహా వెనక్కి పడిపోయింది. ఆ చప్పుడుకు అందరూ తిరిగి చూశారు. పాస్టర్ చేతిలోని మైకు జారిపోయింది.

సంజీవయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చి అక్క కాళ్లు పట్టుకున్నాడు.

"లెయ్‌రా. ఇప్పుడు సెప్పిందంతా ఎనక్కి తీసుకుంటావా?"

"తీసుకోనక్కా. అందరూ ఇన్నారు. నువ్వుండావ్, నాకది సాలు."

పాస్టర్ కిందపడ్డ మైకు తీసుకుని కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టాడు. నిజంగా అంత మనసారా ప్రార్థన ఆ వీధిలో ఎన్నడూ జరగలేదు. గురుస్వామి సిగ్గుతో చచ్చిపోతూ రాయిని తిరగేసి, అక్కడే కూర్చుని వెనక వైపు "హన్నమ్మ ఇల్లు" అని చెక్కాడు. సంజీవయ్య ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తనే సిమెంటు కలిపాడు.

"మరీ గట్టిగా పెట్టొద్దురా" అంది హన్నమ్మ. "అవతలి పక్క ఎప్పుడో ఒగప్పుడు పనికొస్తుంది, సంవత్సరమొకటి మార్పిస్తే సరి."