డీజిలు గౌరవం

మా వీధిలో పన్నెండో నంబరు ఇంటి ముందు నిలిచి ఉండే ఇరవై రెండేళ్ల పెట్రోలు కారు, ప్రజాప్రయోజనాల దృష్ట్యా, డీజిలు కారుగా మార్చబడినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఈ మార్పు మైలేజీ కోసం జరిగిందని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. అది శుద్ధ అబద్ధం. మైలేజీ ముందుకంటే తగ్గింది.

కారు యజమానిని మేం ఆఫీసరుగారంటాం. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఆఫీసు గుమ్మంలో అడుగుపెడితే చాలు, పద్దెనిమిది కుర్చీలు ఒక్కసారిగా కిర్రుమంటూ వెనక్కి జరిగేవి. ఆ చప్పుడే ఆయన ఆరోగ్య రహస్యం. రిటైరయ్యాక మిగిలినవి ఇంట్లో ఆరు కుర్చీలు. వాటిని జరపడానికి ఆయన భార్య ఒప్పుకోలేదు.

కారు చూస్తే మరీ మర్యాదస్థురాలు. వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. ఒక ఉదయం వీధి మధ్యలో ఇద్దరు పెద్దమనుషులు కబుర్లాడుకుంటుంటే (వారిలో ఒకరు ఈ కథ చెబుతున్నవాడే అన్న సంగతి ప్రస్తుతానికి అనవసరం) ఆయన వాళ్ల వెనకే బండి ఆపారు. హారన్ కొట్టడం ఆయన హోదాకు తక్కువ.

"పన్నెండో నంబరు ఆఫీసరుగారు ఊళ్లోనే ఉన్నారా?" అన్నాడొకడు.

"ఏమోనండీ, ఈ మధ్య అలికిడే లేదు," అన్నాడు రెండోవాడు.

ఆ పూట ఆఫీసరుగారు అన్నం ముట్టలేదు. నవ్వులాటకేం గానీ, ఆ బాధ చిన్నది కాదు. మనిషి వెనకే ఉండగా లేడనుకోవడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. పైగా నాలుగు నెలల్లో వీధి సంక్షేమ సంఘం అధ్యక్ష ఎన్నిక. ఆ పదవి వస్తే మళ్లీ కుర్చీలు జరుగుతాయి. రాకపోతే ఇక ఈ జన్మకు జరగవు.

పోటీలో ఉన్నది ఏడో నంబరు నర్సమ్మ. ఆసుపత్రి ఉద్యోగం అయిపోయినా ఆవిడకు పని మాత్రం అయిపోలేదు. వీధి దీపం పోతే మర్నాటికి వెలిగేది. కాలువ పూడుకుపోతే సాయంత్రానికి పారేది. మంచాన పడ్డవాళ్లకు ఇంజెక్షన్ వేసి, వాళ్లు కళ్లు తెరిచేలోగా వెళ్లిపోయేది. రబ్బరు చెప్పులేసుకుని నడిచే మనిషి. ప్రజాజీవితానికి బొత్తిగా పనికిరాని అలవాటు.

ఆఫీసరుగారు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి డీజిలు ఇంజను పెట్టమన్నారు.

"మైలేజీ కోసమా సార్?" అన్నాడు మెకానిక్.

"కాదయ్యా. చప్పుడు కోసం."

మెకానిక్ తన చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడొచ్చే డీజిలు ఇంజన్లు పెద్దగా మోత చెయ్యవు సార్. ఇటుకల వ్యాన్‌ది పాతదొకటి పడుంది గానీ, మనసొప్పక ఎవరికీ ఇవ్వట్లేదు."

"అదే పెట్టు," అన్నారు ఆఫీసరుగారు.

ఇంజను పట్టలేదు కాబట్టి బానెట్ కోశారు. బరువుకి బండి ముక్కు నేలకానింది కాబట్టి వ్యాన్ స్ప్రింగులు వేశారు. అప్పుడు ముక్కు ఆకాశానికి లేచింది కాబట్టి డిక్కీలో నాలుగు ఇసుక బస్తాలు పెట్టారు. గేరుబాక్సు, రేడియేటరు, పైపులు మారాయి. పెద్ద బ్యాటరీకి చోటు లేక ముందు సీటు ఎదుట, ఆయన భార్య కాళ్లు పెట్టుకునే చోట బిగించారు. సైలెన్సరు బిగించబోతే మాత్రం ఆఫీసరుగారు స్వయంగా వారించారు.

"మరి నా కాళ్లెక్కడ పెట్టుకోనండీ?" అంది భార్య.

"నువ్వెక్కడికి వెళ్లాలి గనక?"

"అయితే మీరెక్కడికి వెళ్లాలని ఇంత ఇంజను?"

ఈ ప్రశ్న ఎజెండాలో లేనందున చర్చకు స్వీకరించలేదు.

ఇంజను మార్చినందుకు రవాణా కార్యాలయం ఆమోదం కావాలి. దరఖాస్తులో 'మార్పునకు కారణం' అన్నచోట ఆయన 'గౌరవం' అని నిజాయితీగా రాశారు. చప్పుడు కొలిచే యంత్రం మరమ్మతులో ఉన్నందున, అధికారులు 'చప్పుడు: లేదు' అని నమోదు చేసి ముద్ర వేశారు. ఆ ముద్ర కంటే గొప్ప సంగతి మరొకటుంది. బండి ఆవరణలోకి వచ్చిన క్షణాన, లోపల సిబ్బంది మొత్తం కుర్చీలు వెనక్కి నెట్టి లేచి నిలబడ్డారు. ఆఫీసరుగారి కళ్లు చెమర్చాయి. లేచింది గౌరవంతోనా, భయంతోనా అన్న తేడాను ఆయన తన సర్వీసులో ఏనాడూ పట్టించుకోలేదు.

మర్నాటినుంచి ఉదయం ఆరింటికి మా కిటికీలన్నీ ఆఫీసరుగారిని తలచుకునేవి. కంచాలు గూట్లోంచి నడిచి వచ్చేవి. వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత రోజుకో అంగుళం పక్కకి జరిగేది. మొదట తిట్టుకున్నాం. వారం తిరిగేసరికి, "పాపం, పొద్దున్నే ఎవరి పని మీద వెళ్తున్నారో," అన్నాం. ఆయన మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చేవారు. మూడో నెలలో క్లచ్ పోయి, బండి ఆ మలుపు దాకా కూడా వెళ్లడం మానేసింది. ఇంజను మాత్రం భేషుగ్గా ఉంది. ఆయన రోజూ అందులో కూర్చుని, ఇంజను స్టార్టు చేసుకుని, గంటసేపు పేపరు చదివేవారు. చప్పుడులో లోపం లేనందున, ప్రతిష్ఠలో కూడా లోపం రాలేదు.

ఎన్నికకు వారం ముందు మంచినీళ్ల పైపు పగిలింది. నర్సమ్మ నీళ్ల ఆఫీసుకు వెళ్లి, ఇద్దరు పనివాళ్లను వెంటబెట్టుకొచ్చి, మోకాలి లోతు బురదలో నిలబడి పని చేయించింది. ఆ సమయంలో ఆఫీసరుగారు పేపరులో క్రీడల పేజీ చదువుతున్నారు, ఇంజనుతో సహా. మధ్యాహ్నానికి కుళాయిలో నీళ్లొచ్చాయి. పొద్దుటినుంచీ మోత వినబడింది, ఇప్పుడు నీళ్లొచ్చాయి. రెండూ రెండూ నాలుగు. వీధంతా వెళ్లి ఆఫీసరుగారికి కృతజ్ఞతలు చెప్పింది. ఆయన వినయంగా స్వీకరించారు.

ఎన్నికల సభ ఆయన ఇంటి ముందే జరిగింది. ఆరిపోతే మళ్లీ అంటుకోదన్న సాంకేతిక కారణంతో ఇంజను ఆపలేదు. "ఈ వీధి కోసం నేను పడ్డ శ్రమ మీరంతా వింటూనే ఉన్నారు!" అని ఆయన అరిచారు. ఆ ఒక్క వాక్యమే మాకు చేరింది. పెదవులు ఇంకో పావుగంట కదిలాయి. చప్పట్లు కొట్టాం. తర్వాత నర్సమ్మ మాట్లాడింది. మాట్లాడిందనే అనుకుంటున్నాం. నలభై మూడు ఓట్లలో నలభై ఒకటి ఆఫీసరుగారికి పడ్డాయి. మిగిలిన రెండింటిలో ఒకటి నర్సమ్మది. రెండోది ఆయన భార్యదేనని ఆవిడే చెప్పింది.

అధ్యక్షులవారు వేదికెక్కగానే మేమంతా కుర్చీలు జరిపి లేచాం. ఆయన కళ్లు మూసుకుని ఆ చప్పుడు పూర్తిగా విన్నారు.

నిన్న ఉదయం అదే ఇద్దరు పెద్దమనుషులం వీధి మలుపులో నిలబడి, తమ కార్లకు డీజిలు ఇంజను పెట్టించుకోవడానికి మెకానిక్ దగ్గర ఎంతమంది వరసలో ఉన్నారో మాట్లాడుకుంటున్నాం. నాది నాలుగో నంబరు.

"అవునుగానీ, ఆ నర్సమ్మ ఊళ్లోనే ఉందా?" అన్నాడతను.

"ఏమోనండీ, ఈ మధ్య అలికిడే లేదు," అన్నాను.

"కాస్త పక్కకి జరగండి బాబూ, గోతిలో పడతారు. మూత వెయ్యాలి," అన్నారెవరో వెనకనుంచి, నెమ్మదిగా.

జరిగాం. మాటల్లో పడి, ఎవరని చూడలేదు.