తండ్రిగారి ప్రతినిధి

మంత్రిగారు గడ్డం గీసుకుంటున్నారు. పీయే అద్దం పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగగా ఉన్న ఆ చారిత్రక ఘడియలో మంత్రిగారు ప్రకటన చేశారు.

"విడాకులు భార్యాభర్తలకే గాని, తండ్రీబిడ్డలకు కావు! బిడ్డ మీద తండ్రి హక్కు కోసం ప్రాణమైనా ఇస్తాను. రాసుకో!"

పీయే అద్దాన్ని చంకలో పెట్టుకుని రాసుకున్నాడు. అద్దం లేక మంత్రిగారి చెంప కాస్త తెగింది. ఆ విధంగా ఉద్యమంలో తొలి రక్తం చిందింది.

ఆయనవి ఉత్త మాటలు కావు. భార్యతో విడిపోయాక పెద్ద లాయర్లను పెట్టి, కోర్టు మెట్లు అరిగేలా తిరిగి, ఎనిమిదేళ్ల కూతురితో ప్రతి ఆదివారం సాయంత్రం గడిపే హక్కును గెలుచుకున్న మనిషి. చిక్కల్లా ఒకటే. తండ్రుల హక్కుల సభలు కూడా ఆదివారం సాయంత్రాలే పెట్టాల్సి వస్తోంది. మిగతా రోజుల్లో తండ్రులకు ఆఫీసులుంటాయి కదా.

అయినా ఆయన హక్కును వదులుకోలేదు. వంతెన శంకుస్థాపనకు వెళ్లడం కుదరకపోతే మంత్రులేం చేస్తారు? ప్రతినిధిని పంపుతారు. ఇక్కడా అంతే.

మొదటి ఆదివారం పీయే, పాప ఉంటున్న అమ్మమ్మగారింటి వరండాలో నిలబడి, గొంతు సవరించుకుని సందేశం వినిపించాడు. "అనివార్య కార్యక్రమాల వల్ల రాలేకపోతున్నందుకు చింతిస్తున్నాను. మీ ఆదివారం దిగ్విజయంగా జరగాలని ఆకాంక్షిస్తున్నాను. ఇట్లు, నాన్న."

పాప శ్రద్ధగా వింది. "దిగ్విజయం అంటే ఏంటి మామయ్యా?"

"గెలవడం."

"ఎవర్ని?"

అసెంబ్లీలో కూడా అంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. పీయే మాట మార్చాడు. "నీకు సైకిల్ తొక్కడం వచ్చా?"

రాదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ముందు సందేశం, తర్వాత సైకిల్. పీయే సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తేవాడు. "వదలొద్దు మామయ్యా! వదిలావో, నీ సంగతి చెప్తా!" అని పాప అరిచేది. అలసి గట్టు మీద కూర్చున్నప్పుడు మాత్రం మెల్లగా అడిగేది. "నేనొక్కదాన్నే తొక్కే రోజు నాన్న వస్తాడా?"

"కార్యక్రమాల్లో పెడతానమ్మా" అనేవాడు. పెట్టేవాడు కూడా. మంత్రిగారు దాన్ని కొట్టేసి, పైన సభ రాయించేవారు.

ఇంతలో ప్రతిపక్షం వాళ్లు టీవీలో అడిగేశారు. 'మంత్రిగారు కన్నకూతురి మొహం చూసి ఎన్నాళ్లయింది?'

"ఈ ఆదివారం స్వయంగా వెళ్తున్నాం. కెమెరాల వాళ్లకి చెప్పు!" అన్నారు మంత్రిగారు.

పీయే కాళ్లు నేల మీద ఆగలేదు. వెంటనే ఫోన్ చేశాడు. "తల్లీ, ఈసారి నిజంగా నాన్నే వస్తున్నాడు!"

"టీవీలో చూశానులే" అంది పాప. "నా కార్యక్రమం చూసుకుని చెప్తా."

ఆదివారం మంత్రిగారు, మనిషంత ఎలుగుబంటి బొమ్మను మోస్తున్న పీయేతో, కెమెరాలతో ఆ ఇంట్లో అడుగుపెట్టారు. హాల్లో మాజీ అత్తగారు ఒక్కరే ఉన్నారు.

"పాప ఏదండీ అత్తయ్యగారూ?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకున్నారు. "అనివార్య కార్యక్రమాల వల్ల రాలేకపోతున్నందుకు పాప చింతిస్తోంది. తమరి ఆదివారం దిగ్విజయంగా జరగాలని ఆకాంక్షిస్తోంది."

"మరి మీరు..."

"ప్రతినిధిని బాబూ."

కెమెరామన్ నోరు తెరిచాడు గాని కెమెరా మూయలేదు. అంత మాటకు బెదిరేవారైతే మంత్రి ఎందుకవుతారు? ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా ఆ క్రమశిక్షణ! తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది? ఇంతకీ ఏమిటండీ ఆ కార్యక్రమం?"

"సైకిల్. ఇవాళ ఒక్కతే తొక్కుతుందట."

గుమ్మం బయట, వీధిలో, సైకిల్ గంట మోగింది. మళ్లీ మోగింది.

"శభాష్!" మంత్రిగారు సోఫాలో వెనక్కి వాలారు. "అభినందన సందేశం పంపాలి. రాసుకో!"

పీయే చేతిలోని ఎలుగుబంటిని ఆయన పక్కనే సోఫాలో కూర్చోబెట్టాడు. కాగితాల సంచీ దాని ఒళ్లో పెట్టాడు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.