లక్క సీలు వేసిన పెన్‌డ్రైవ్

"కనిపించని కంప్యూటర్లకు కనిపించే భద్రత కల్పించిన తొలి ప్రభుత్వం మాదే!" అని మంత్రిగారు ఖమ్మం సభలో ప్రకటించారు. ఆ భద్రత ఏమిటో, ఎలా కల్పించాలో ఆ సభలో ఎవరూ అడగలేదు. కాబట్టి మర్నాడు పొద్దున్నే ఆ బాధ్యత కింది అధికారులకు ఉత్తర్వు రూపంలో వచ్చింది.

ములకలపల్లి దాటి భద్రాచలం అడవి వైపు వెళ్తే వెదురుచెలక మండలం వస్తుంది. అక్కడి మండల అధికారి రాందాస్ గారు ఉత్తర్వుని రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, మూడోసారి చదివారు. "వర్చువల్ మెషిన్ల నిర్వహణ సేవకు రిమోట్ యాక్సెస్ భద్రత పటిష్ఠం చేయవలెను" అని ఉంది. ఆయనకు 'పటిష్ఠం చేయవలెను' అన్నంత వరకూ బాగా అర్థమైంది.

రాందాస్ గారిని తక్కువగా అంచనా వేయకూడదు. ఇరవైరెండేళ్ల సర్వీసులో తొమ్మిది ఎన్నికలు జరిపించారు. ఈ తొమ్మిదింటిలో అభ్యర్థులు పార్టీలు మారారు, పార్టీలు మాటలు మార్చాయి. ఆయన వేసిన సీలు మాత్రం ఒక్కటీ చెదరలేదు.

కంప్యూటర్ ఆపరేటర్ మధులతను పిలిచారు.

"ఈ వర్చువల్ మెషిన్ మన ఆఫీసులో ఏ గదిలో ఉందమ్మా?"

"ఏ గదిల లేదు సార్. హైదరాబాద్‌ల ఒక పెద్ద కంప్యూటరున్నది. దాని కడుపుల ముప్పై చిన్న కంప్యూటర్లున్నయి. మండలానికొకటి. ఏదీ కంటికి కనపడది. పొద్దున నేను ఇక్కడ్నించే మనదాన్ని ఆన్ చేస్త, సాయంత్రం ఆఫ్ చేస్త. పోడు దరఖాస్తులన్నీ అండ్లనే ఎక్కిస్తున్నం."

"ఇక్కడినుంచి ఆన్ చేస్తున్నావంటే, ఇంకెక్కడినుంచైనా ఇంకెవరైనా చేయొచ్చా?"

"పాస్‌వర్డ్ తెలిస్తే చెయ్యొచ్చు సార్."

"ఎవరెవరికి తెలుసు?"

మధులత గోడకేసి చూసింది. క్యాలెండర్ పక్కన తెల్ల అట్ట మీద పాస్‌వర్డ్ అందంగా రాసి ఉంది. తను సెలవు పెట్టిన రోజు పని ఆగకూడదని రాసి పెట్టింది. టీ తెచ్చే జంపక్కకు కూడా అది కంఠతా వచ్చు.

రాందాస్ గారు కుర్చీలోంచి లేచారు. నూట నలభైమూడు కుటుంబాల భూమి కాగితాలు ఉన్న చోటుకి టీ కెటిల్ పట్టుకున్న మనిషి కూడా వెళ్లిరావచ్చన్నమాట! ఆ క్షణమే అట్ట చింపించారు. ఇంతవరకూ ఆయన చేసింది అక్షరాలా సరైన పని, ఆ సంగతి ఒప్పుకోవాలి.

వారం తిరక్కుండా హైదరాబాద్ నుంచి ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులో ఒక కీ ఫైల్ ఉంటుంది, ఇక మీదట అది పెడితే తప్ప యంత్రం తెరుచుకోదు. పెన్‌డ్రైవ్‌తో పాటు ఒక ఫ్లెక్సీ కూడా వచ్చింది. దాని మీద మంత్రిగారి ఫొటో నిలువెత్తున ఉంది. "మీ భద్రతే మా నిద్ర లేమి" అన్న నినాదం ఉంది. అన్నిటికంటే కింద, చూసేవాళ్లు వంగితే కనపడేంత ఎత్తులో, సహాయానికి ఒక ఫోన్ నంబరు ఉంది.

పెన్‌డ్రైవ్‌ని అరచేతిలో పెట్టుకుని రాందాస్ గారు బరువు చూశారు.

"ఇంత విలువైంది డ్రాయర్‌లో పడేస్తామా? దూలయ్యా, లక్క తీసుకురా."

అటెండర్ దూలయ్య లక్క, కొవ్వొత్తి, తెల్ల గుడ్డ, పురికొస తెచ్చాడు. తొమ్మిది ఎన్నికల్లోనూ ఆయన పక్కన ఉన్నవాడు కనుక అడగకుండానే ఇత్తడి ముద్ర కూడా తెచ్చాడు. పెన్‌డ్రైవ్‌ని గుడ్డలో చుట్టి, పురికొస కట్టి, ముడి మీద లక్క పోసి, ముద్ర గుద్ది, రేకు పెట్టెలో పెట్టారు. పంచాయతీ, వ్యవసాయం, విద్య, అటవీ, పశువైద్య శాఖల నుంచి ఒక్కొక్కరు సాక్షి సంతకం చేశారు. తెరవాలన్నా ఆ అయిదుగురూ ఉండాల్సిందే. ఎవరు లోపలికి వెళ్లినా రాయడానికి ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి పెట్టారు. మొదటి పేజీ మీద "చొరబాట్ల నమోదు పుస్తకము" అని స్వయంగా రాశారు.

"సార్, రోజూ పొద్దున ఐదుగుర్ని యాడికెళ్లి తెస్తం?" అంది మధులత.

"భద్రతంటే కొంచెం ఇబ్బంది ఉంటదమ్మా. ఇబ్బంది లేకపోతే అది భద్రతే కాదు."

మొదటిరోజు అయిదుగురు పోగయ్యేసరికి మధ్యాహ్నం మూడైంది. సీలు పగలగొట్టి, యంత్రం తెరిచి, పదకొండు దరఖాస్తులు ఎక్కించి, మళ్లీ సీలు వేశారు. రెండోరోజు నాలుగు ఎక్కించారు. మూడోరోజు ఎక్కడో ఆవు ఈనలేక కష్టపడుతుంటే పశువుల డాక్టరు అటు వెళ్లి రాలేదు. నాలుగోరోజు దూడ క్షేమంగా ఉందన్న కబురు మాత్రం వచ్చింది.

పన్నెండో తారీఖున అయిదుగురూ కలిశారు. గుడ్డ విప్పి చూస్తే లక్క పెన్‌డ్రైవ్ నోట్లోకి కారి గట్టిపడి ఉంది. మధులత సూదితో గీకింది, దూలయ్య కొవ్వొత్తి దగ్గర వెచ్చచేశాడు. వెచ్చచేశాక అది వంగింది.

అయిదుగురు సాక్షులూ రాందాస్ గారి ముఖంలోకి చూశారు. ఆయన కాసేపు ఆలోచించి, పరిస్థితిని పై స్థాయిలో అర్థం చేసుకున్నారు.

"ఇప్పుడు దీన్ని ఎత్తుకెళ్లినా ఎవరూ ఏం చేయలేరు" అన్నారు. "ఇంతకంటే భద్రత ఉంటుందా?"

వంగినదాన్ని వంగినట్టే సీలు వేశారు. కొత్తది పంపమని హైదరాబాద్‌కి ఉత్తరం రాశారు. మీ ఉత్తరం అందిందని, ముప్ఫై పనిదినాల్లో పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

దరఖాస్తులకు ఆఖరి తారీఖు ముప్ఫయ్యొకటి. నూట ఇరవై ఎనిమిది ఇంకా కాగితాల మీదే ఉన్నాయి.

అందులో కన్నమ్మది ఒకటి. రేగుబండ గూడెం నుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిచి రోజూ వస్తుంది. తునికాకు సీజన్‌లో గూడెం మొత్తానికి కట్టలు లెక్కపెట్టేది ఆవిడే. అక్షరాలు రావు కానీ అంకెలు బాగా వచ్చు. ఆవిడకున్నది మూడెకరాల పోడు. అత్త అడవి కొట్టి చేను చేసింది, ఆవిడ దున్నుతోంది. దరఖాస్తు ఎక్కని భూముల్లో మొక్కలు పెట్టడానికి అటవీ శాఖవాళ్లు అప్పటికే గుంతలు తవ్వేశారు.

"నా జొన్న చేన్ల నూట పన్నెండు గుంతలు తీసిన్రు సారూ" అంది కన్నమ్మ. "మొక్కల లారీ రోడ్డు మీదనే ఉన్నది. జర ఎక్కియ్యి."

"యంత్రం పూర్తి భద్రతలో ఉందమ్మా."

"ఎవల్నుంచి?"

ఆ ప్రశ్నకు రాందాస్ గారి దగ్గర జవాబు లేకపోలేదు. దొంగల నుంచి, విదేశీ శక్తుల నుంచి అని చెప్పవచ్చు. కానీ ఆవిడ చెప్పుల్లేని పాదాలు చూశాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అయినా నిబంధన నిబంధనే. కూర్చోమని, జంపక్క చేత టీ ఇప్పించారు. కన్నమ్మ టీ తాగుతూ ఫ్లెక్సీ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. మంత్రిగారి ఫొటో అంతగా నచ్చినందుకు రాందాస్ గారు ముచ్చటపడ్డారు.

ఇరవై ఎనిమిది నుంచి కన్నమ్మ రాలేదు. పాపం, పరిస్థితి అర్థం చేసుకుందని ఆయన అనుకున్నారు. మధులత మాత్రం మూడు రోజులు తలెత్తకుండా టైపు చేస్తూనే ఉంది. రాబోయే మంత్రిగారి సభకు సన్మాన పత్రం సిద్ధం చేస్తోందనుకుని ఆయన అడ్డు తగల్లేదు.

అయిదో తారీఖున మంత్రిగారే వెదురుచెలకకు వచ్చారు. జిల్లాలో ముప్ఫై మండలాలున్నా, చొరబాట్లు సున్నా అని రాతపూర్వకంగా నిరూపించింది ఈ ఒక్క మండలమే. మంత్రిగారు ఎర్ర అట్ట రిజిస్టరు ఎత్తి జనానికి చూపించారు.

"పన్నెండు తర్వాత అంతా తెల్ల కాగితమే! ఒక్క చొరబాటు లేదు! రాందాస్ లాంటి ఆఫీసర్లుంటే శత్రువు ఏం జేస్తడు?"

శాలువా కప్పారు. రాందాస్ గారి కళ్లు చెమర్చాయి. లబ్ధిదారులెవరైనా రెండు ముక్కలు మాట్లాడాలని మంత్రిగారు అడిగితే, వెనక వరసలోంచి కన్నమ్మ లేచి వచ్చింది. రెండు చేతులతో ఒక రసీదు పట్టుకుంది. మంత్రిగారు దాన్ని మైకులో చదివారు.

"పోడు దరఖాస్తు అందినది. తేదీ, ఇరవై ఎనిమిది."

రాందాస్ గారు శాలువా సర్దుకున్నారు. ఇరవై ఎనిమిదికి పెన్‌డ్రైవ్ వంగి పదహారు రోజులైంది.

"మొక్కల లారీ ఎనక్కి పోయింది దొరా" అంది కన్నమ్మ. "మొత్తం నూట ఇరవై ఎనిమిదీ ఎక్కినయి. ఈ బిడ్డ మూడు దినాలు కూసొని ఎక్కిచ్చింది."

మధులత చెప్పుల వంక చూసుకుంది.

"యంత్రం తెరిచిందెవరు?" అన్నారు రాందాస్ గారు. మైకు దగ్గర్లో ఉండటంతో అది ఊరందరికీ వినపడింది.

"నేనే సారూ. ఈ దొర బొమ్మ కింద నంబరుంటే, సిగ్నల్ కోసం వాగు గడ్డెక్కి ఫోన్ చేసిన. ఏ మండలం అన్నడు, చెప్పిన. పెన్‌డ్రైవ్ లేకున్నా తెరుసుకునే కొత్త పాస్‌వర్డ్ ఒకటి చెప్త, రాసుకో అన్నడు. అంకెలే గద, రాసుకొచ్చి బిడ్డకిచ్చిన. మంచి మనిషి. నా పేరు గూడ అడగలే."

సభలో తలలన్నీ మంత్రిగారి వైపు తిరిగాయి. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూసిన్రా? అడవిల ఉన్న ఆడబిడ్డకు గూడ ఒక్క ఫోన్‌తోని పనైంది! గిది మా హెల్ప్‌లైన్! ఇప్పుడే మీ ముందల చూపిస్త."

వెనక కట్టిన ఫ్లెక్సీ కిందికి వంగి, నంబరు చూసి, ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి మైకు దగ్గర ఉంచారు. సిగ్నల్ కూడా ఆ రోజు మంత్రిగారి మాట కాదనలేదు.

"హలో, చెప్పన్నా, ఏ మండలం?"

మంత్రిగారు జనం వైపు చూసి కన్ను గీటారు.

"ఒక్క మండలమేంది తమ్మీ, జిల్లా మొత్తం."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"ముప్పై ఉన్నయన్నా. ఒక్కొక్కటి చెప్త, రాసుకో."

మంత్రిగారు పెన్ను కోసం చెయ్యి చాచారు. రాందాస్ గారు జేబులోంచి తీసి ఇచ్చారు.