చల్లబడ్డ కార్డు, వేడెక్కిన బేరం

గ్రాఫిక్స్ కార్డన్నాక వేడెక్కాలి. రంకెలు వేయాలి. పక్కన కూర్చున్నవాడికి చెమటలు పట్టించాలి. ఇవేవీ చేయని కార్డుని షాపులో ఉంచుకోవడం, నోరు లేని సేల్స్‌మన్‌ని జీతమిచ్చి పెట్టుకోవడమే!

ఈ మాట కంప్యూటర్లు తెలిసినవాళ్లకి రుచించదని నాకు తెలుసు. వాళ్లంతా ఈమధ్య ‘అండర్‌వోల్టింగ్’ అని ఒక పుణ్యకార్యం మొదలుపెట్టారు. కార్డుకి అందే వోల్టేజీని కాస్త తగ్గిస్తారట. కరెంటు ఆదా, వేడి తక్కువ, కార్డుకి ఆయుష్షు ఎక్కువ, పనిలో మాత్రం తేడా ఉండదట. వినడానికి ఎంత సొంపుగా ఉందో చూశారా? నా అనుభవంలో నష్టాలన్నీ మొదట ఇంత సొంపుగానే వినిపిస్తాయి.

నేను కట్టని ఇళ్లతో బతికేవాణ్ణి. కంగారుపడకండి, మోసం కాదు. బిల్డర్లు ఇంకా పునాది కూడా తవ్వని ఇళ్లకి కంప్యూటర్లో బొమ్మలు చేయించి ఇస్తాను. సోఫా మీద పొద్దుటి ఎండ పడుతూ ఉంటుంది. బాల్కనీలో పూలకుండీ ఉంటుంది. నేల మీద ఒక్క చెప్పుల జత కూడా ఉండదు. ఆ బొమ్మ చూసి జనం అడ్వాన్సులు ఇచ్చేస్తారు. కళ్లద్దాల షాపు పైన ఉన్న రెండు గదులు మావి. ముందు గదిలో నేనూ, కస్టమర్లూ, టేబుల్ కింద, ఈ బొమ్మలు తయారుచేసే కార్డున్న కంప్యూటరూ ఉంటాం. కీబోర్డు దగ్గర మా అక్క కూతురు ఉంటుంది.

కార్డు వేడిగా ఉన్న రోజుల్లో వ్యాపారం ఎలా సాగేదో లెక్క చెబుతాను, వినండి.

మేనకోడలు బటన్ నొక్కగానే టేబుల్ కింద ఫ్యాన్లన్నీ ఒక్కసారి హోరందుకునేవి. కాసేపటికి గది ఇస్త్రీ షాపులా అయ్యేది. కస్టమరు ముందు కాలరు వదులు చేసుకునేవాడు. తర్వాత మా ఫైలుతోనే విసురుకునేవాడు. సోఫా రంగు మార్పిద్దామని పని మానుకుని వచ్చినవాడు, “ఇదే బాగుంది లెండి” అని లేచి వెళ్లిపోయేవాడు. ఆ మాట అతనిచేత ఏ సేల్స్‌మన్ అనిపించగలడు?

ఇక చప్పుడు చేసిన మేలు ఇంతా అంతా కాదు. మర్యాదస్తుడు రేటు తగ్గించమని ఒకసారి అడుగుతాడు. ఆ హోరులో నాకు వినపడదు. కాస్త గొంతు పెంచి రెండోసారి అడుగుతాడు. “టీ తెప్పించమంటారా?” అంటాను. అరిచి బేరమాడితే పరువు పోతుంది కాబట్టి మూడోసారి అడిగినవాళ్లు లేరు. ఒక్క కార్డు అటు బొమ్మలు చేస్తూ, ఇటు నా రేటుకి కాపలా కాసేది!

ఇంత చక్కటి ఏర్పాటు మా మేనకోడలి వల్ల కూలిపోయింది.

ఆ పిల్ల రెండేళ్లుగా వస్తోంది, పని చేస్తోంది, వెళ్తోంది. ఉన్నదో లేదో కూడా తెలియదు. ఒకరోజు నేను బ్యాంకుకి వెళ్లి వచ్చేసరికి షాపు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. కరెంటు పోయిందనుకుంటే లైట్లు వెలుగుతున్నాయి. మిషను పోయిందేమోనని టేబుల్ కిందకి దూరాను.

“పోలేదు మామయ్యా, వోల్టేజీ తగ్గించాను,” అంది.

తర్వాత ఓపిగ్గా వివరించింది. కంపెనీవాళ్లు చేసే కార్డులన్నీ ఒక్కలా ఉండవట. వాటిలో బలహీనమైనది కూడా తడబడకుండా నడవాలని అన్నిటికీ వోల్టేజీ కాస్త ఎక్కువే పెట్టి పంపుతారట. మన కార్డు గట్టిదట, దానికి అంత అక్కర్లేదట. కొంచెం తగ్గించి ఒక బొమ్మ చేయించి చూసిందట, ఇంకొంచెం తగ్గించి మళ్లీ చూసిందట. స్క్రీను నల్లబడిన చోట ఆగి, ఒక మెట్టు వెనక్కి వచ్చిందట. ఇప్పుడు బొమ్మా అదే, పట్టే సమయమూ అదే.

“అంటే కంపెనీవాడు ఎక్కువ ఇస్తుంటే నువ్వు వద్దన్నావా?” అన్నాను.

“ఇచ్చేది వాడు కాదు మామయ్యా. బిల్లు కట్టేది మనం.”

టీ తెప్పించాను.

సరిగ్గా ఆ వారమే ఒక పెద్ద బిల్డరుగారు వచ్చారు. ఏడాది పొడుగునా తాను కట్టబోయే ఇళ్లన్నిటి బొమ్మలూ ఒకే షాపుకి ఇద్దామని ఆయన ఆలోచన. ఆ ఆర్డరు మా రేటుకి వస్తే మా రెండు గదులూ నిలబడతాయి. రాకపోతే వెనక గది ఖాళీ చేసి, కింద కళ్లద్దాలాయన స్టాకు పెట్టుకోవడానికి ఇచ్చేయాల్సిందే. ఆయన అప్పటికే గోడలు కొలిచి చూసుకున్నాడు కూడా.

బిల్డరుగారు కూర్చున్నారు. చెమట పట్టలేదు. కాలు మీద కాలు వేసుకున్నారు. టీ తాగి, ఇంకో టీ అడిగారు. అంత చల్లటి గదిలో మనిషికి ఆలోచనలు రాకుండా ఉంటాయా? కిటికీని ఎడమకి జరపమన్నారు. చెట్టుని కుడికి తెమ్మన్నారు. సోఫా మీద ఒక పిల్లి ఉంటే ఎలా ఉంటుందన్నారు. మేనకోడలు అన్నీ మార్చి బటన్ నొక్కింది. మిషను నిట్టూర్పు కూడా విడవలేదు.

“మొదలైందా?” అన్నారాయన.

“అయిపోవచ్చిందండీ,” అంది.

ఆయన వంగి టేబుల్ కింద చూశారు. బూటు కొసతో పెట్టెని తట్టి చూశారు. అప్పుడు నా వైపు తిరిగారు.

“ఏమయ్యా, ఇంత సుఖంగా అయిపోయే పనికి అంత రేటా? సగం చేసుకో. ఎల్లుండి వస్తాను.”

బొమ్మ అదే, చేసిన చెయ్యి అదే. తగ్గింది వోల్టేజీ మాత్రమే. దానితోపాటు నా రేటెందుకు తగ్గాలి?

కానీ ఆయన్ని తప్పుపట్టి ఏం లాభం? డాక్టరు ఒక్క చూపులో జబ్బు చెప్పేస్తే ఫీజు తీయడానికి మనకి చెయ్యి వస్తుందా? అటు తిప్పి, ఇటు తిప్పి, నాలుక చూసి, నుదురు ముడిచి, “ఊఁ...” అంటే దణ్ణం పెట్టి మరీ ఇస్తాం. ఒళ్లంతా నూనె పూసుకుని బండి కిందనుంచి పాక్కుంటూ వచ్చిన మెకానిక్కుని బేరమాడే ధైర్యం ఎవరికుంది? ఆఫీసులో నాలుగు ఫైళ్లు చంకలో పెట్టుకుని వరండాలో పరుగెత్తేవాడికి ప్రమోషన్ వస్తుంది. కదలకుండా కూర్చుని పని ముగించినవాడికి పరుగెత్తేవాడి పని కూడా వస్తుంది!

అందుకే వోల్టేజీ మళ్లీ పెంచేయమని మేనకోడల్ని బతిమాలాను. కార్డు కాలిపోతే కొత్తది ఎవరు కొంటారని అడిగింది. కొనాల్సింది నేనే కాబట్టి ఊరుకున్నాను.

అయితే చప్పుడు కార్డే చేయాలని ఎక్కడుంది? ఫ్యాక్టరీ మిషను హోరు ఒకటి ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, పెట్టె వెనక స్పీకరు దాచాను. అటక మీదున్న రూమ్ హీటరు తెచ్చి కస్టమరు కుర్చీ పక్కన గుడ్డ కప్పి పెట్టాను. కార్డు ఆదా చేసిన కరెంటంతా హీటరు మింగేసి, పైన ఇంకా అడిగింది. పెట్టుబడి అంటే అదే మరి!

అన్న రోజుకే బిల్డరుగారు వచ్చారు. బొమ్మ అంతకుముందే, పిల్లితో సహా, సిద్ధమైపోయింది. మేనకోడలు చేతులు కట్టుకుని కూర్చుంది. గది మాత్రం హోరెత్తిపోతోంది. ఆయన నుదురు తుడుచుకుని, తృప్తిగా తలాడించి, సంతకానికి పెన్ను తీశారు. పెన్ను జారి కింద పడింది. తీసుకోవడానికి వంగారు.

వంగినవారు చాలాసేపు లేవలేదు. స్పీకరు అక్కడే ఉంది మరి. నా వెనక గది కళ్లద్దాల డబ్బాలతో నిండిపోవడం నా కళ్ల ముందు కనిపించింది.

ఆయన లేచారు. కోపం లేదు.

“కొనేవాళ్లు సైటు చూడ్డానికి వస్తే, సిమెంటు లేకపోయినా మేం మిక్సరు తిప్పిస్తాం,” అన్నారు. పాత రేటు మీదే సంతకం చేశారు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, “శుక్రవారం మా పార్టనర్లని తీసుకొస్తా. ఇంకాస్త సౌండు పెంచు,” అన్నారు.

చూశారా? నెగ్గింది నా సిద్ధాంతమే!

ఇదంతా మా మేనకోడలు చూసింది. నేను భయపడాల్సింది అప్పుడే.

సోమవారం నుంచి కీబోర్డు మీద దరువులు మొదలయ్యాయి. కుర్చీ కిర్రుమంది. ప్రతి బొమ్మకీ ముందొక నిట్టూర్పు, వెనకొక నిట్టూర్పు. మర్నాడు ఫోను పట్టుకుని మెట్ల మీద నిలబడింది. “అవునండీ, ఇక్కడ మొత్తం చేసేది నేనొక్కదాన్నే... మీరెంత ఇస్తారు?... మామయ్యకి ఎలా చెప్పాలో తెలియట్లేదండీ...” ఆ మాటలు కింద షాపులో కళ్లు పరీక్ష చేయించుకుంటున్నవాళ్లకి కూడా వినిపించాయి.

ఆ సాయంత్రమే జీతం పెంచాను. అడగకముందే పెంచాను. ఫోనుకి అవతల ఎవరైనా ఉన్నారో లేదో నేను వాకబు చేయలేదు. చేసి మాత్రం ఏం లాభం? నాకు వినిపించాల్సింది వినిపించింది.

కాబట్టి పాఠకులారా, చప్పుడు చేయకుండా చేసిన పనికి కూడా సరైన ధర పలికే బజారు ఎక్కడైనా ఉంటే నాకు చెప్పండి. కాస్త మెల్లగా చెప్పండి. మా మేనకోడలు విన్నదంటే అక్కడికే వెళ్లిపోతుంది.