ఎత్తి చూసి కొన్న కరెంటు డబ్బా

“ఇబ్రహీంపట్నంలో నేరస్థులకు ఇక నిద్ర పట్టదు మంగా. అపరాధ పరిశోధక గోపాలరావు రంగంలోకి దిగాడు.”

“దిగేముందు బనీను సరిగ్గా తొడుక్కోండి, తిరగేసి ఉంది,” అంది మంగాయమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

రిటైరైనప్పటి నుంచి గోపాలరావుకు కాలనీలో జరిగేవన్నీ నేరాలే. పాలప్యాకెట్టు పోతే అంతర్జాతీయ ముఠా, చెప్పు ఒకటి కనిపించకపోతే ఒంటికాలి హంతకుడు. ఆ చెప్పు మంచం కింద దొరికినా హంతకుణ్ణి మాత్రం ఆయన వదల్లేదు.

ఈసారి కేసు మేడ మీద. అక్కడ అద్దెకుండే రూత్ ఇంట్లోనే కూచుని కంప్యూటర్ మీద పెళ్లి ఆల్బములు తయారు చేస్తుంది. సాయంత్రంలోగా మంచాల ఊరివాళ్ల పెళ్లి ఆల్బం ఇవ్వకపోతే ఇకపై పనంతా బడంగ్‌పేట్ వాళ్లకే ఇస్తానని స్టూడియో ఎల్లస్వామి చెప్పేశాడు. ఆ కంప్యూటరేమో పని మధ్యలో టక్కున ఆరిపోతోంది.

గోపాలరావు భూతద్దంతో మెట్లెక్కాడు. ఆయన్ని ఒంటరిగా వదిలితే ఏం జరుగుతుందో తెలిసిన మంగాయమ్మ చిక్కుడుకాయల గిన్నెతో సహా వెనకే వెళ్లింది.

“ఎవరి మీదైనా అనుమానముందా అమ్మా?”

“ఏం చెప్పాలె అంకుల్. ఫోటోల పెండ్లికొడుకు కండ్లు మూసిండు. ఇంకో ఫోటోల నుంచి తల తెచ్చి పెడుతున్న. పెట్టినప్పుడల్లా మొత్తం పోతుంది.”

“తల లేని వరుడు.” గోపాలరావు గొంతు తగ్గించాడు. “కేసు అనుకున్నదానికన్నా లోతుగా ఉంది.”

“లోతేం లేదు అంకుల్. సీపీయూల కరెంటిచ్చే డబ్బా పాతది కాలిపోయింది. పేరున్న కంపెనీది తెమ్మంటే ఈయన గీ కొత్తది తెచ్చిండు.”

ఈయనంటే రూత్ భర్త సాల్మన్ రాజు. బొంగులూరు వెంచర్లో ఇళ్లు కట్టించే సూపర్‌వైజరు. “కంపెనీదైతే డబుల్ రేటు. ఎందుకియ్యాలె, స్టిక్కర్‌కా? బిందె కొన్నట్టు చేత్తో ఎత్తి చూసి మరీ తెచ్చిన. మస్తు బరువున్నది,” అన్నాడు పక్కనే నిలబడి.

“డబ్బా కొన్నవా, కోడిని కొన్నవా?” అంది రూత్.

అంతలో పక్కింట్లో బోరు మోటారు మొదలైంది. ఫ్యాను నెమ్మదించింది, ట్యూబులైటు కన్నుకొట్టింది, కంప్యూటరు ఆరిపోయింది. రూత్ తల పట్టుకుంది.

గోపాలరావు కిటికీ దగ్గరికి దూకాడు. “చూశారా, మోటారు చప్పుడు శత్రువుల సంకేతం. పక్కింటి అంజిలయ్య వాళ్ల ఏజెంటు.”

“అంజిలయ్య జామచెట్టుకు నీళ్లు పెడుతున్నాడండీ.”

“ఎంత సహజంగా పెడుతున్నాడో గమనించు. అదే వాడి నేర్పు.”

మంగాయమ్మ గమనించింది వేరు. ఫ్యాను మళ్లీ పుంజుకుంది, లైటు తేరుకుంది. “తూలినవన్నీ నిలబడ్డాయి. నిలబడనిది ఆ కంప్యూటరొక్కటే. ఆ డబ్బా సంగతి చూడండి.”

“చూస్తాను. దాని మీద శత్రువు వేలిముద్రలుంటాయి.”

సాల్మన్ రాజు మరలు విప్పి డబ్బా తీసిచ్చాడు. గోపాలరావు చేత్తో తూచి మెచ్చుకున్నాడు. “ఇంత బరువైన డబ్బా తప్పు చేయదు. నిర్దోషి. పౌడరివ్వమ్మా.”

ముఖానికి రాసుకునే పౌడరు సగం డబ్బా మీద, సగం తన చేతుల మీద చల్లుకుని, వెలుతురు కోసం పిట్టగోడ దగ్గరికి నడిచాడు. పౌడరు ముక్కులోకి వెళ్లింది. అపరాధ పరిశోధకుడు తుమ్మాడు. నిర్దోషి చేతుల్లోంచి జారి, గోడ దాటి, కింద బట్టలుతికే బండ మీద పడింది.

కిందికి వెళ్లి చూస్తే డబ్బా నోరు తెరుచుకుని ఉంది. ఒక మూల నాలుగు తీగలు, రెండు చిల్లర సామాన్లు. మిగతా చోటంతా ఒక ముద్ద, జిగురు పెట్టి అతికించింది.

సాల్మన్ రాజు దాన్ని గోటితో గీకాడు. ఆయన ముఖం మారింది.

“సిమెంటు,” అన్నాడు మెల్లగా.

“మరి నీకు ఎరుకలేని సరుకా అది?” అంది రూత్.

“నేను ముందే పసిగట్టాను. అందుకే కిందికి వదిలాను,” అన్నాడు గోపాలరావు ముక్కు తుడుచుకుంటూ.

మంగాయమ్మ వినలేదు. “సాల్మన్, బండి తియ్యి. ఈసారి ఎత్తి చూడకు. పాడైతే ఎన్నేళ్లదాకా మార్చిస్తారో అడిగి, బిల్లు మీద రాయించుకుని రా.”

మధ్యాహ్నానికి కంపెనీ డబ్బా వచ్చింది, బిగించారు. రూత్ పెళ్లికొడుకు తల పెట్టడం మొదలుపెట్టగానే మంగాయమ్మ గోడ మీంచి కేకేసింది. “అంజిలయ్యా, ఒకసారి మోటారెయ్యి.”

“మళ్లానా? చెట్టు మునుగుతదమ్మా.”

“ఇంకో బిందెడు తాగుతుందిలే.”

మోటారు మోగింది. ఫ్యాను నెమ్మదించింది, లైటు కన్నుకొట్టింది. తెర మీద పెళ్లికొడుకు రెండు కళ్లూ తెరిచి, తలతో సహా అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం ఎల్లస్వామి వచ్చి ఆల్బం పెన్‌డ్రైవ్ తీసుకుని, ఇంకో రెండు పెళ్లిళ్ల ఫోటోలిచ్చి వెళ్లాడు. సాల్మన్ రాజుకు మాత్రం బిల్లు మింగుడుపడలేదు.

“ఎంతైనా షాపోడు పేరుకే గంత గుంజిండు రూతూ.”

“పేరుకిస్తే ఇచ్చినం తియ్యి,” అంది రూత్ తెర మీంచి కళ్లు తిప్పకుండా. “సిమెంటు ఇంటికి తెచ్చుడే అయితే బస్తా తేవాల్సింది. గోడన్న కట్టుకుందుము.”